ముప్పై మూడో గడి



ఇవాళ ఒక్క సంఖ్య గురించి మాట్లాడుకుందాం. దానికి ఇరవై అంకెలు. పత్రికలో అయితే అచ్చు వేసి ఊరుకోవచ్చు, రేడియోలో ఆ వీలు లేదు. ఒకటి, ఎనిమిది, నాలుగు, మళ్ళీ నాలుగు, ఆరు, ఏడు... అని నేను చదువుకుంటూ పోతే పదో అంకె వచ్చేలోగా మీ చెయ్యి మీట మీదికి పోతుంది. మిమ్మల్ని తప్పు పట్టను. అంకెల వరస చెవిలో నిలవదు.

ఈ చిక్కు మనకంటే ముందే ఒక తెలుగు కవికి ఎదురైంది. ఆయన పావులూరి మల్లన. మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు. నన్నయగారి కాలంవాడా, ఆ తరవాతి తరాలవాడా అని పండితులు వాదించుకున్నారు, ఆ జోలికి నేను పోను. ఆయన పేరుతో ప్రసిద్ధమైన చంపకమాల ఒకటుంది. మన ఇరవై అంకెలూ అందులో ఉన్నాయి, కానీ ఒక్కచోట తప్ప ఏ అంకె కూడా అంకెగా లేదు. చంద్రుడంటే 1, ఉన్నవాడు ఒక్కడే కాబట్టి. అగ్ని అంటే 3. వేదాలన్నా, సముద్రాలన్నా, బ్రహ్మగారి ముఖాలన్నా 4. బాణాలంటే 5, మన్మథుడి దగ్గరున్నవి అయిదే. తర్కాలు 6, కొండలు 7. ఏనుగంటే 8, దిక్కుల్ని మోసేవి అన్ని కాబట్టి. రంధ్రాలంటే 9, ఎందుకో మీ ఒంటిని అడగండి. ఆకాశమంటే సున్న. ఇలా బాణాలూ కొండలూ ఏనుగులూ పేర్చి, ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమవైపుకు నడిపిస్తాడు. బాణంతో మొదలై చంద్రుడితో ముగుస్తుంది. పద్యం నోటికి వస్తే సంఖ్య నోటికి వచ్చినట్టే, ఒక్క అంకె జారినా ఛందస్సు కుంటుతుంది. రేడియో పుట్టక ముందు రేడియో కోసం పుట్టిన పద్ధతి అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ఇంతకీ ఆ సంఖ్య ఏమిటంటారా? మీకు తెలిసిందే. చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో దానిలో రెండు, మూడో దానిలో నాలుగు, ఇలా రెట్టింపు చేసుకుంటూ 64 గడులూ నింపితే వచ్చే మొత్తం. ఆటను కనిపెట్టినవాడు రాజుగారిని ఈ బహుమతి అడిగాడని అరబ్బులు కథ చెప్పుకున్నారు. మల్లనకు ముందే, 1000వ సంవత్సరం ప్రాంతంలో, అల్ బిరూనీ ఈ మొత్తాన్ని చివరి అంకెతో సహా లెక్క కట్టాడు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి 'వడ్లగింజలు' చదివినవారికి ఈ లెక్క రుచి వేరే చెప్పక్కరలేదు.

మన కొలతలో చెబుతాను. 1 లక్షా 84 వేల 467 కోట్ల కోట్లు. ఆ పైన చిల్లర ఉంది. ఆ చిల్లరే 44 లక్షల 7 వేల 370 కోట్ల 95 లక్షల 51 వేల 615. వెయ్యి వడ్లగింజలు 25 గ్రాములు తూగుతాయనుకుంటే, మొత్తం 46 వేల కోట్ల టన్నులు. ఇప్పుడు ప్రపంచమంతా కలిసి పండిస్తున్న వడ్లు ఏటా సుమారు 80 కోట్ల టన్నులు. అంటే అయిదారు వందల ఏళ్ళ పంట. ఫ్రెంచి గణితవేత్త ఎదువార్ ల్యూకా 1883లో హనోయి గోపురం అనే ఆటబొమ్మను బజారులో పెట్టి, దానికి కాశీలో 64 బంగారు బిళ్ళలున్న గుడి ఒకటి ఉందని కథ కట్టాడు. ఆ బిళ్ళలన్నీ ఒక కడ్డీ నుంచి ఇంకో కడ్డీకి చేర్చడానికి కావలసిన ఎత్తులు కూడా సరిగ్గా మన సంఖ్యే. సెకనుకు ఒకటి చొప్పున కదిపితే 58 వేల కోట్ల ఏళ్ళకు పైన పడుతుంది. కాశీ సంగతి కల్పన, లెక్క మాత్రం నిజం.

ఇక్కడిదాకా అందరూ చెబుతారు. చెప్పి, అబ్బో ఎంత పెద్దదో అని ఆపేస్తారు. నా ఫిర్యాదు అక్కడే. పెద్దది కావడం ఒక సంఖ్యకు గొప్ప కాదు. దీనికి ఒకటి కలిపితే ఇంకా పెద్దదే వస్తుంది, కానీ దాని లోపల ఏముంది? రెండును రెండుతో 64 సార్లు పేర్చిన గోడ, అంతే. మన సంఖ్య అలా కాదు. దాన్ని విప్పి చూడాలి. విప్పడానికి కంప్యూటరు అక్కర్లేదు, వడ్లగింజలూ చదరంగం బల్లా చాలు.

ముందు పైపైన తడిమి చూద్దాం. చివరి అంకె 5 కాబట్టి అయిదుతో పోతుంది. ఇరవై అంకెలూ కూడితే 87 వస్తుంది, కాబట్టి మూడుతో పోతుంది, తొమ్మిదితో పోదు. బడిలో నేర్పిన కిటుకులు అంతవరకు తీసుకెళ్తాయి. ఆపైన బల్ల దగ్గరికి రావాలి.

మొదటి వరసలో సగం చూడండి. నాలుగు గడులు. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది. మొత్తం 15. తరవాతి నాలుగు గడుల్లో 16, 32, 64, 128. ఈ నాలుగింటినీ విడిగా కూడకండి. అయిదో గడి మొదటి గడికి 16 రెట్లు, ఆరోది రెండో దానికి 16 రెట్లు, అలా అన్నీ. కాబట్టి రెండో సగం మొత్తం మొదటి సగానికి 16 రెట్లు. మొదటి సగం తనూ ఒకటి ఉంది కదా, కలిపితే 17 రెట్లు. వరస మొత్తం 15ని 17తో గుణించినంత, అంటే 255.

ఇప్పుడు రెండో వరస. అందులో ప్రతి గడీ తన పైగడికి 256 రెట్లు. మొదటి వరసను కూడా కలుపుకుంటే, రెండు వరసల మొత్తం మొదటి వరసకు 257 రెట్లు, అంటే 65,535. ఇంకో రెండు వరసలు వేస్తే బల్ల సగమవుతుంది. ఆ సగం బల్ల మొత్తం, 65,535ని 65,537తో గుణించినంత. ఎంతయింది? 429 కోట్ల 49 లక్షల 67 వేల 295 గింజలు. తూకం వేస్తే 107 టన్నులు. పది లారీల ధాన్యం. ఇంతవరకు రాజుగారికి నవ్వు మొహమే. కొట్లు తెరవమంటే ఇచ్చేస్తాడు.

బల్ల సగం మడిచి ఉందనుకోండి. చివరి మడత విప్పుతున్నాం. ముప్పై మూడో గడి నుంచి అంతా పైసగానికి 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 రెట్లు. తనను కూడా కలుపుకుంటే చివర 297. కాబట్టి మన సంఖ్య మూడు, అయిదు, పదిహేడు, 257, 65,537, ఆ తరవాత ఈ 429 కోట్ల పైచిలుకు సంఖ్య, ఈ ఆరింటి లబ్ధం. మడత విప్పిన ప్రతిసారీ ఒక గుణకం బయటపడింది. మొదటి గడి నుంచి రెండు గడులకు వెళ్ళినప్పుడు 3, రెండు నుంచి నాలుగుకు 5, అలాగ.

కాగితం పెన్సిలు దగ్గరున్నవారు ఈ ఆరు సంఖ్యల్నీ ఒక వరసలో రాసుకోండి. వీటికి ఫెర్మా సంఖ్యలని పేరు. పియెర్ ద ఫెర్మా ఫ్రాన్సులో తులూజ్ నగరంలో న్యాయస్థానం ఉద్యోగి. గణితం ఆయనకు తీరిక వేళ వ్యాపకం. తీరిక వేళల్లోనే ఆ శతాబ్దపు గణితాన్ని సగం మార్చేశాడు, అది వేరే సంగతి. 3, 5, 17 ప్రధాన సంఖ్యలని పిల్లలకు కూడా తెలుసు. 257ని 13 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే అదీ ప్రధానమే. 65,537కు కొంచెం ఓపిక కావాలి, 256 లోపు ఉన్న 54 ప్రధాన సంఖ్యలతో భాగించి చూడాలి. అదీ ప్రధానమే. అయిదింటికి అయిదూ అలా తేలాక, ఈ వరసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలే అని 1640లో ఫెర్మా తన నమ్మకాన్ని ఉత్తరాల్లో బయటపెట్టాడు. నిరూపణ తన దగ్గర లేదని కూడా ఆ తొలి ఉత్తరాల్లో ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడు కాబట్టి మనం ఆయన్ను మరీ ఎక్కువ అనకూడదు.

వచ్చిన చిక్కల్లా ఆరోది. అదే మన సగం బల్ల గీత దాటినప్పుడు వచ్చేది. దాన్ని ముక్కుసూటిగా పరీక్షించాలంటే 65,536 లోపున్న ఆరున్నర వేలకు పైగా ప్రధాన సంఖ్యలతో భాగించాలి. చేతి లెక్కకు ఎవరికి ఓపిక ఉంటుంది? తొంభై ఏళ్ళు ఎవరూ కదపలేదు. 1729లో గోల్డ్‌బాఖ్ అనే ఆయన, అప్పటికి ఇరవై రెండేళ్ళవాడైన గణితవేత్త ఆయిలర్‌కు ఉత్తరం రాస్తూ, ఫెర్మా ఇలా అన్నాడు, చూశావా అని అడిగాడు. ఆయిలర్ మొదట పెద్దగా పట్టించుకోలేదు. తరవాత పట్టుకున్నాడు. 1732లో జవాబు తేల్చాడు. ఆ సంఖ్య 641తో నిశ్శేషంగా పోతుంది. 641 ఇంటూ 67 లక్షల 417. ఫెర్మా ఊహ కూలింది.

641 దగ్గరికి ఎలా వెళ్ళాడో వినండి, ఇందులో మన బల్ల మళ్ళీ కనిపిస్తుంది. ఈ సంఖ్యను భాగించగల ప్రధాన సంఖ్య ఏదైనా సరే, దాన్ని 64తో భాగిస్తే శేషం ఒకటే రావాలని ఆయిలర్ తరవాత నిరూపించాడు కూడా. గడులు 64 కావడమూ, ఇక్కడ 64 రావడమూ కాకతాళీయం కాదు. గింజల్ని ఆ ప్రధాన సంఖ్య చొప్పున మూటలు కడుతూ పోతే, మిగులు గింజల వరస సరిగ్గా 64 గడులకు ఒకసారి తిరిగి మొదటికి వస్తుంది. ఆ వలయం పొడవే ఈ షరతు పెడుతుంది. సరే, 64 గుణిజాలకు ఒకటి కలుపుతూ పోండి. 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641. ఇందులో ప్రధాన సంఖ్యలు అయిదు. 193, 257, 449, 577, 641. నాలుగు భాగహారాలు విఫలం, అయిదోది ఫలించింది. ఆరున్నర వేల పని అయిదు భాగహారాలకు దిగింది.

విడ్డూరం ఏమిటంటే ఇలాంటి కిటుకు ఫెర్మాకు తెలియనిది కాదు. అదే 1640లో 2ను 37 సార్లు గుణించి ఒకటి తీసేసిన సంఖ్య 223తో పోతుందని ఆయన ఇదే తీరులో జల్లెడ పట్టి కనిపెట్టాడు. అదే జల్లెడ ఇక్కడ పట్టి ఉంటే ఒక పూట పని. పట్టాడేమో, ఎక్కడో కూడికలో తప్పాడేమో. లెక్కల మాస్టార్లకు ఇది ఎంత ఊరటో చెప్పలేను.

641 నిజంగా భాగిస్తుందా అని భాగహారం లేకుండా సరిచూసుకోవచ్చు. 641 గింజలకు ఒక మూట అనుకోండి. 640 అంటే మూటకు ఒక గింజ తక్కువ. 640 అంటే 5 ఇంటూ 128. ఈ 'ఒకటి తక్కువ'ను దానితోనే నాలుగుసార్లు గుణిస్తే, రుణానికి రుణం ధనమై, 'ఒకటి ఎక్కువ' అవుతుంది. అంటే 5ను నాలుగుసార్లు, 128ని నాలుగుసార్లు వేసి గుణిస్తే మూటలు పోగా ఒక గింజ మిగులుతుంది. కానీ 5ను నాలుగుసార్లు గుణిస్తే 625. అది మూటకు 16 తక్కువ. 625 ఉన్నచోట 'పదహారు తక్కువ' అని పెట్టండి. 16, నాలుగు 128లు కలిస్తే సరిగ్గా ముప్పై మూడో గడిలోని గింజలు. కాబట్టి ముప్పై మూడో గడి గింజల్ని మూటలు కడితే చివరి మూటకు ఒక్క గింజ తక్కువ పడుతుంది. ఆ ఒక్క గింజ ఎక్కడుంది? మొదటి గడిలో. రెండో గడిలోని రెండు గింజలు ముప్పై నాలుగో గడి లోటును తీరుస్తాయి. మూడోది ముప్పై అయిదో దాన్ని. బల్ల పైసగం అడుగుసగానికి గడికి గడి బాకీ తీరుస్తుంది. మిగులు లేదు. ఈ నిరూపణ ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు పుట్టదు.

ఆయిలర్‌కు ఎనభై ఏళ్ళ తరవాత జెరా కోల్‌బర్న్ అనే అమెరికా కుర్రవాణ్ణి లండనులో ప్రదర్శనలకు తిప్పేవారు. ఎనిమిదేళ్ళవాడు. ఇదే సంఖ్య ఇచ్చి ప్రధానమేనా అని అడిగితే, కాదు, 641తో పోతుందని నోటిలెక్కగా చెప్పాడట. ఎలా చెప్పావురా అంటే ఆ వయసులో వివరించలేకపోయాడు.

ఇప్పుడు మొత్తం విప్పేశాం. మల్లన పద్యంలోని సంఖ్య ఏడు ప్రధాన సంఖ్యల లబ్ధం. 3, 5, 17, 257, 641, 65,537, 67 లక్షల 417. ఏదీ రెండుసార్లు రాదు. ఒక్కొక్కటి ఉంటే ఉండాలి, లేకుంటే లేదు, కాబట్టి దాన్ని నిశ్శేషంగా భాగించేవి రెండును ఏడుసార్లు గుణించినన్ని, 128. చదరంగం బల్లలు రెండు పక్కపక్కన పెడితే వచ్చే గడులన్ని.

సగం గీతకు పైనున్న అయిదు ప్రధాన సంఖ్యల కథ వేరు. 1796 మార్చి 30న, ఇంకా పందొమ్మిది నిండని గణితవేత్త గౌస్, స్కేలు, వృత్తలేఖిని మాత్రమే వాడి 17 భుజాల క్రమ బహుభుజి గీయవచ్చని కనిపెట్టాడు. గ్రీకుల నుంచి రెండు వేల ఏళ్ళు ఎవరికీ తట్టని సంగతి. 17 వీలైంది ఎందుకంటే అది ఫెర్మా ప్రధాన సంఖ్య కాబట్టి. బ్రౌన్‌ష్వైగ్ ఊళ్ళో ఆయన విగ్రహం పీఠం మీద పదిహేడు కోణాల నక్షత్రం చెక్కారు. భుజాల సంఖ్య బేసి అయినప్పుడు ఇలా గీయగల క్రమ బహుభుజులు మనకు తెలిసినంతలో 31. ఆ 31 ఎక్కడివో తెలుసా? మన సగం బల్ల మొత్తం ఉంది చూడండి, 429 కోట్ల చివర 295, దాని భాజకాలు 32. అందులో ఒకటిని తీసేయండి. పది లారీల ధాన్యంలో ఆ రేఖాగణితమంతా ఇమిడి ఉంది. హెర్మెస్ అనే జర్మన్ 65,537 భుజాల బహుభుజి గీసే విధానం రాయడానికి పదేళ్ళు కూర్చున్నాడు. ఆ రాతప్రతి గొట్టింగెన్‌లో ఒక పెట్టెలో భద్రంగా ఉంది. ఎవరు చదువుతారో నాకు తెలియదు, పెట్టె మాత్రం పదిలం.

ఆఫీసుల్లో కంప్యూటరు ముందు కూర్చునేవారికి ఈ సంఖ్యలు ఎక్కడో చూసినట్టుండాలి. మొదటి వరస మొత్తం 255, ఒక బైటులో పట్టే గరిష్ఠ సంఖ్య. రెండు వరసలది 65,535. పాత ఎక్సెల్ షీట్లు 65,536 వరసలతో ఆగిపోయేది దానికి పక్కనే. బల్ల మొత్తం 64 బిట్ల యంత్రం ఒక్క గుక్కలో పట్టుకోగల అతి పెద్ద సంఖ్య. 65,537కు ఇంకో కొలువు కూడా ఉంది. ఇంటర్నెట్‌లో రహస్యంగా సమాచారం పంపే ఆర్‌ఎస్‌ఏ తాళాల్లో బహిరంగంగా ప్రకటించే సంఖ్యగా చాలాచోట్ల దీన్నే పెడతారు. 0, 1 అనే రెండే అంకెల భాషలో రాస్తే ఒకటి, పదిహేను సున్నలు, ఒకటి. గుణకారాలు తక్కువ పడతాయి, పని చప్పున తెములుతుంది.

ఇక రెండో బల్ల తెచ్చి మొదటిదాని పక్కన పెడదాం, 128 గడులు. పాత నియమమే. కొత్త మొత్తం మన సంఖ్యను, మన సంఖ్యకు రెండు కలిపినదానితో గుణించినంత. ఆ రెండు కలిపినది ఏడో ఫెర్మా సంఖ్య. అదీ ప్రధానం కాదు. 1880లో ఫోర్చునే లాండ్రీ అనే ఫ్రెంచి పెద్దాయన దాన్ని 2 లక్షల 74 వేల 177తో భాగించి చూపించాడు, యంత్రం లేకుండా. అప్పటికి ఆయనకు ఎనభై రెండేళ్ళు.

అక్కడి నుంచి మడత మీద మడత విప్పుతూ పోయారు. తేలిన ప్రతిదీ సంయుక్త సంఖ్యే. 65,537 తరవాత ఇంకో ఫెర్మా ప్రధాన సంఖ్య ఇంతవరకు కనిపించలేదు. మూడు కోట్ల 35 లక్షల గడుల బల్ల దగ్గర వచ్చేది సంయుక్తమేనని 1999లో తేల్చారు, కానీ దాన్ని భాగించే ఒక్క సంఖ్యా ఎవరికీ దొరకలేదు. విరిగే సంఖ్యేనని తెలుసు, ఎక్కడ విరుగుతుందో తెలియదు. 3ను సున్నో సంఖ్యగా పెట్టుకుని లెక్కిస్తే 32వ సంఖ్య వరకు తీర్పు వచ్చింది. 33వది మిగిలింది. దానికి 1,717 కోట్లకు పైగా గడులున్న బల్ల కావాలి. భూమ్మీద మనిషికి రెండు గడుల చొప్పున పంచినా ఇంకా మిగులుతాయి. ఆ సంఖ్యకు 258 కోట్లకు పైగా అంకెలు. అది ప్రధానమో సంయుక్తమో ఇవాళ్టి వరకు ఎవరూ తేల్చలేదు.